చివర ఇరవై

ఆ వీధిలో ఆవిడను అందరూ ఆపరేటరమ్మ అంటారు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉద్యోగం నుంచి రిటైరై ఏళ్లు గడిచాయి, అసలు ఆ ఉద్యోగమే లోకంలో లేకుండా పోయింది, పేరు మాత్రం ఆవిడను పట్టుకుని వేలాడుతోంది. అందులో ఆవిడ తప్పు కూడా లేకపోలేదు. వంటింట్లో ఉండగా మొగుడు కేకేస్తే "లైన్లో ఉండండి" అంటుంది. ఎవరైనా గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే, ట్రంకు కాల్ గడువు ముగిసినట్టు "మూడు నిమిషాలయ్యాయి" అంటుంది. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఇదేం ఇల్లురా భగవంతుడా అనుకుందట. ఇప్పుడు ఆ కోడలే తన పిల్లలతో "లైన్లో ఉండండర్రా, వస్తున్నా" అంటోంది.

అలాంటి ఆపరేటరమ్మ ఈ వయసులో పుస్తకం రాసింది. రాసి ఊరుకుంటే గొడవే లేదు, సొంతంగా అచ్చు కూడా వేయించింది. ఎందుకింత పని పెట్టుకుందో తెలియాలంటే ఆ పాత ఎక్స్చేంజి గదిలోకి ఒకసారి వెళ్లి రావాలి.

పొడవాటి గది, ఎత్తయిన కిటికీలు. గోడ పొడవునా చెక్కబోర్డు, దాన్నిండా చిల్లులు. ప్రతి చిల్లు వెనకా ఒక ఇల్లో, దుకాణమో, ఆసుపత్రో ఉండేది. ఊళ్లో ఎవరైనా ఫోనెత్తితే వాళ్ల చిల్లు పక్కన చిన్న దీపం వెలిగేది. తాడు కొసనున్న ప్లగ్గు అందులో గుచ్చి "నంబరు చెప్పండి" అనాలి. వాళ్లు చెప్పిన నంబరు చిల్లులో రెండో కొస గుచ్చాలి. చెప్పుకోవడానికి ఇంతే. చేసేవాళ్లకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. దీపాలన్నీ ఒక్కసారే వెలిగేవి, ఊరంతా కూడబలుక్కుని ఫోన్లెత్తినట్టు.

బోర్డు ముందు వరసగా కుర్చీలు. అక్కడ పేర్లతో పని లేదు, సీటు నంబరే పేరు. మన ఆపరేటరమ్మ నాలుగో సీటు. పక్కన మూడో సీటులో ఆవిడకంటే కాస్త పెద్దావిడ. ఆవిడను అందరూ మూడో సీటు అంటే, నాలుగో సీటు మాత్రం అక్కా అనేది. పని నేర్పింది ఆ అక్కే. తిట్టిందీ ఆ అక్కే, తిట్టాక తన డబ్బాలోంచి సగం అన్నం పెట్టిందీ ఆ అక్కే.

చేరిన కొత్తలో ఒకాయన ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, అత్తగారింటికి కలపమని నంబరు చెప్పాడు. చివర అరవై అన్నాడు. ఈవిడకు ఇరవై అని వినపడింది. కలిపింది. అవతల ఇనప సామాన్ల కొట్టు. ఇవతలాయన ఆనందంలో "మీకు మనవడు పుట్టాడు" అని గబగబా చెప్పేశాడు. కొట్టు యజమానికి అప్పటికింకా పెళ్లే కాలేదు. ఆ మనిషి వణికిపోతూ ఎక్స్చేంజికి ఫోన్ చేసి, ఈ మాట ఇంకెవరికైనా తెలిసిందా అని అడిగాడు.

గదంతా పడీపడీ నవ్వారు. అక్క నవ్వుతూనే చెవి మెలిపెట్టింది.

"ఇరవై, అరవై, ఫోన్లో రెండూ ఒక్కలాగే వినపడతాయే. అంకెలెప్పుడూ కలిపి చెప్పకూడదు, కలిపి వినకూడదు. రెండు, సున్నా అను. ఆరు, సున్నా అను. కలపాల్సింది మనుషుల్ని, అంకెల్ని కాదు."

ఆ పాఠం ఆవిడ ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మరిచిపోలేదు. ఆ తర్వాత ఒక్కసారి మరిచిపోయింది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

అక్క భర్తకు దూరపు ఊరికి బదిలీ అయింది. వెళ్లేరోజు నాలుగో సీటుకు సెలవు దొరకలేదు. స్టేషనులో ఉన్న ఫోన్ నుంచి అక్కే పిలిచింది. దీపం వెలిగింది, ప్లగ్గు గుచ్చితే అక్క గొంతు.

"బయల్దేరుతున్నానే. నీతో ఒక మాట చెప్పాలి."

అదే నిమిషంలో ఆసుపత్రి దీపం వెలిగింది. ఆసుపత్రి దీపం వెలిగితే ఇంకేదీ చూడకూడదని నేర్పింది కూడా అక్కే. "లైన్లో ఉండక్కా" అని ఈవిడ ఆ పనిలో పడింది. ఎవరో డాక్టరు ఇంట్లో లేడు, క్లబ్బులో లేడు, వెతికి వెతికి పట్టుకుని కలిపేసరికి ఆలస్యమైపోయింది. వెనక్కి వచ్చి చూస్తే స్టేషను దీపం ఆరిపోయి ఉంది. రైలు వెళ్లిపోయింది.

కొత్త చిరునామా రాస్తానన్న అక్క రాయలేదు. కొన్నాళ్లకు కావాల్సిన నంబరు ఎవరికి వాళ్లే తిప్పుకునే ఆటోమేటిక్ ఫోన్ వచ్చింది. బోర్డు పీకేశారు, ఎక్స్చేంజి ఇంకో భవనంలోకి పోయింది, ఊళ్లో నంబర్లన్నీ మారిపోయాయి. ఊరందరినీ కలిపిన ఇద్దరు మనుషులకు ఒకరి నంబరు ఒకరికి లేకుండా పోయింది. అక్కకు కోపం వచ్చిందని ఆపరేటరమ్మ నమ్మకం. ఏం చెప్పబోయిందో కూడా వినకుండా ఆపేసిన మనిషికి ఉత్తరం ఎందుకు రాస్తుంది? ఆ దిగులు ఆవిడను ఏ రోజూ పూర్తిగా వదల్లేదు. అన్నం డబ్బా మూత తీసినప్పుడల్లా గుర్తొచ్చేది.

పుస్తకానికి "లైన్లో ఉండండి" అని పేరు పెట్టింది. అందులో ఆ గది ఉంది, ఆ దీపాలున్నాయి, ఇనప సామాన్ల కొట్టాయన మనవడున్నాడు, చివరి అధ్యాయం నిండా అక్క ఉంది. పుస్తకం ఎక్కడో ఒకచోట అక్క చేతిలో పడాలి. ఆవిడ కోరిక అదొక్కటే.

"దానికి పుస్తకమెందుకు? పేపర్లో ప్రకటన ఇస్తే పోలేదా?" అన్నాడు మొగుడు.

"ప్రకటన చూసేది తప్పిపోయినవాళ్లని వెతికేవాళ్లు. మా అక్క తప్పిపోలేదు, నేను తప్పిపోయాను" అంది.

ఆయనకు అర్థం కాలేదు. అయినా అర్థమైనట్టు తలూపాడు. సంసారం అన్నేళ్లు ఊరికే నడవలేదు మరి.

ప్రచురణ సంస్థల వాళ్లు చదివి బాగుందన్నారు, వేయమన్నారు. వేయమన్నది ఆవిడనే, తాము వేస్తామని కాదు. సరేనని రిటైరైనప్పుడు దాచుకున్న దాంట్లోంచి తీసి, తనే వేయించడానికి సిద్ధపడింది. బజారు చివర మేడమీద కంప్యూటర్లో పేజీలు తయారుచేసే ఒకాయన దొరికాడు. మంచివాడే. కాకపోతే ఒత్తులంటే ఆయనకు పట్టింపు లేదు. "అక్క" అని ఉన్నచోటల్లా "అక" అని కొట్టాడు. ప్రూఫులు దిద్ది దిద్ది ఆపరేటరమ్మ కళ్లు మండిపోయాయి. పుస్తకంలో ఒక్క తప్పు కూడా ఉండకూడదని పంతం. అక్క చదువుతుంది కదా.

అంతా అయ్యి, అచ్చుకు వెళ్లేరోజు పొద్దున ఆయన ఫోన్ చేశాడు.

"అమ్మా, చివరి పేజీ ఖాళీగా మిగిలింది. చదివినవాళ్లు ఫోన్ చేయాలంటే ఏదైనా నంబరు వేద్దామా?"

ఆవిడకు ఆ ఆలోచనే రాలేదు. కళ్లముందు దీపం వెలిగినట్టయింది. ఆ సంబరంలో, వెనకాల కుక్కరు కూతల మధ్య, ఇంటి ల్యాండ్‌లైను నంబరు గబగబా చెప్పేసింది. చివర ఇరవై అంది.

పుస్తకాలు ఆటోలో వచ్చాయి. కట్టలు మంచం కిందకి, సోఫా వెనక్కి, బీరువా మీదకి పోయాయి. మొగుడు ఒక కట్ట మీద కూర్చుని చెప్పులు తొడుక్కోవడం అలవాటు చేసుకున్నాడు. "ఇన్నాళ్లకు నీ పుస్తకం నాకు ఉపయోగపడింది" అన్నాడు. ఆ రోజు ఆయనకు టీ ఆలస్యంగా వచ్చింది.

ఆవిష్కరణ సభ పెట్టింది. వచ్చినవాళ్లలో సగంమంది బంధువులు, మిగతా సగం ఆ హాల్లో తర్వాత జరగబోయే సభకు ముందే వచ్చి కూర్చున్నవాళ్లు. ముఖ్య అతిథి పుస్తకం తెరవలేదు, పేరు మాత్రం చదివాడు. మన జనానికి వరసలో నిలబడే క్రమశిక్షణ లేదని, అందరూ లైన్లో ఉంటే దేశం బాగుపడుతుందని, ఈ తల్లి అదే చెప్పిందని గంటసేపు మాట్లాడాడు. చప్పట్లు కూడా కొట్టారు. పుస్తకాల షాపాయన కూడా అలాగే అనుకున్నాడు కాబోలు, దాన్ని తీసుకెళ్లి వ్యక్తిత్వ వికాసం అరలో సర్దాడు. జీవితంలో గెలవడమెలా, కోపం తగ్గించుకోవడమెలా అనే పుస్తకాల మధ్య పాపం మూడో సీటూ నాలుగో సీటూ నిలబడ్డారు.

కోడలు వాట్సాపులో అట్ట బొమ్మ పెట్టింది. దండం బొమ్మలు వరదలా వచ్చాయి. ఒక్కరూ కొనలేదు.

ఆపరేటరమ్మ తక్కువ తిన్నదా. చేతిసంచీ నిండా పుస్తకాలేసుకుని రోజూ పొద్దున బయల్దేరేది, చీకటిపడుతుంటే వచ్చేది. షాపులు, కాలేజీలు, బస్టాండులో పత్రికలమ్మే బడ్డీ, ఒకటేమిటి, కాళ్లరిగేలా తిరిగింది. సంచీ బరువుకు భుజం వాచేది. ఇంకో ఉపాయం కూడా చేసింది. ఒకప్పుడు ట్రంకు కాల్స్ కలిపిన ఊళ్లన్నీ ఆవిడకు ఇప్పటికీ నోటికొచ్చు. ఏ ఊరి లైనులో గరగర ఎక్కువో, ఏ ఊరి ఆపరేటరు ముక్కుతో మాట్లాడేదో సహా. ఆ వరసనే ప్రతి ఊరి లైబ్రరీకి ఒక ప్రతి పోస్టు చేసింది.

ఫోన్ మాత్రం మోగలేదు. ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే "ఫోనేమైనా వచ్చిందా?" అని అడిగేది. "నేనూ ఇప్పుడే వచ్చాను" అనేవాడు మొగుడు. ఆయన పగలంతా పార్కులో చదరంగం ముందే ఉంటాడు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి. పుస్తకం చదివి ఒక్కరూ ఒక్క మాట అనలేదంటే పుస్తకం బాగోలేదన్నమాట. లేదా చేరాల్సినచోటికి చేరి, అక్క చదివి, ఊరుకుందన్నమాట. రెండోదే ఆవిడను కోసింది. ఒకరోజు సంచీ గోడకు తగిలించి, ఇంక చాల్లెండి అంది. మొగుడు కట్ట మీంచి లేచి నిలబడ్డాడు. ఆవిడ ముఖం చూస్తే హాస్యమాడే వేళ కాదనిపించింది.

మర్నాడు తమ ఊరి లైబ్రరీలో పనిచేసే అమ్మాయి దారిలో కనపడింది.

"అమ్మమ్మగారూ, పుస్తకం ఏడిపించేసిందండీ. చెబుదామని పుస్తకంలో ఉన్న నంబరుకి చేస్తే టైర్ల షాపంటారేంటి?"

ఆపరేటరమ్మ గబగబా ఇంటికెళ్లి చివరి పేజీ తెరిచింది. పుస్తకమంతా ఒత్తు ఒత్తునా వెతికిన మనిషి ఆ ఒక్క పేజీ చూడలేదు. ఎవరైనా తమ ఇంటి నంబరు తాము చదువుకుంటారా? అక్కడ ఆరు, సున్నా అని ఉంది. కొట్టాయనకు మనవణ్ణి పుట్టించిన చేతులే ఇవి.

తర్వాత ఆ నంబరు తిప్పింది.

"టైర్ల షాపండీ. పుస్తకం గురించైతే ఇది కాదండీ" అన్నాడు అవతలాయన, అడక్కుండానే.

"ఆ పుస్తకం రాసింది నేనే బాబూ."

"మీరా తల్లీ. చచ్చిపోతున్నానండీ. ఒకాయన పంక్చరు గురించి చేశాడనుకుని నేను మాట్లాడితే, ఆయన వాళ్ల నాన్న చివరి ఫోను గురించి చెప్పి ఏడ్చాడండీ. నాకూ ఏడుపొచ్చింది. బేరం పోయింది."

"ఎవరైనా పెద్దావిడ చేసిందా బాబూ?"

"చాలామంది చేశారండీ." ఎవరినో టైరు పక్కకు దొర్లించమన్నాడు. "ఆఁ, ఒకావిడ చేసింది, ఈమధ్యే. మిగతావాళ్లు రాంగ్ నంబరంటే విసుక్కుని పెట్టేస్తారు. ఈవిడ పెట్టలేదు. బాబూ, మీ నంబరు చివర ఆరు, సున్నాయేనా అనడిగింది. అవునంటే ఒకటే నవ్వు. ఎందుకు నవ్విందో చెప్పనే లేదు."

ఆరు, సున్నా. అలా విడదీసి అడిగే మనిషి ఈ లోకంలో ఇంకెవరున్నారు? నవ్విందంటే కోపం లేదన్నమాట. నవ్విందంటే తప్పెక్కడ జరిగిందో పట్టేసిందన్నమాట. పట్టేశాక చివర రెండు, సున్నా తిప్పకుండా ఉంటుందా? తిప్పే ఉంటుంది. ఎన్నిసార్లు తిప్పిందో. తను సంచీ వేసుకుని ఊరంతా అక్క కోసం తిరుగుతుంటే, అక్క ఇక్కడ ఖాళీ ఇంట్లో మోగుతూ ఉంది.

ఆపరేటరమ్మ ఆ రోజు ఎక్కడికీ వెళ్లలేదు. ఫోన్ పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. మొగుడు సంగతి విని చదరంగం మానేశాడు, వచ్చి వంటింట్లో తంటాలు పడ్డాడు. కోడలు సెల్‌ఫోన్ తెచ్చి ఏదో చూపించబోతే "లైన్లో ఉండమ్మా" అని చేయెత్తి ఆపింది. మధ్యలో రెండుసార్లు మోగింది. ఒకటి బ్యాంకు, ఒకటి మళ్లీ బ్యాంకు. మర్నాడూ అలాగే కూర్చుంది. లైన్లో ఉండమని అన్నేళ్లు అందరికీ చెప్పిందేగాని, ఉండటం ఎంత కష్టమో ఆవిడకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం ఎండ గుమ్మం దాటి లోపలికి వస్తున్న వేళ ఫోన్ మోగింది. ఎత్తి, పాత అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో, "నంబరు చెప్పండి" అంది.

అవతల గొంతు. వయసు మీద పడిన గొంతే, అయినా అదే.

"చివర ఇరవై అని చెప్పావు కదూ? రెండు, సున్నా అని విడివిడిగా చెప్పమని నీకెన్నిసార్లు చెప్పానే."

చెప్పాలనుకున్నవన్నీ పుస్తకం నిండా రాసిన మనిషికి ఒక్క ముక్క దొరకలేదు. అవతల కూడా చప్పుడు లేదు. పాత భయం ఒక్కసారిగా కమ్మేసింది.

"అక్కా, లైన్లో ఉన్నావా?"

"ఉండమన్నది నువ్వే కదే" అంది అక్క.