మిరపకాయ గుర్తుకే మన ఓటు

ఆరు నెలలపాటు నేను ఒక దేశానికి ప్రధానమంత్రిగా పనిచేశాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పొద్దున్నే పాలు పితికి, వంట చేసి, పదకొండింటికి కల్లంలో కూలీలకు మజ్జిగ పోసి, మధ్యలో తీరిక దొరికితే విదేశాంగ శాఖ చూసుకునేదాన్ని.

నవ్వకండి. ఆ దేశం ఫోన్లో ఉంది. ఒక యాప్‌లో రెండు మూడు వందలమంది తెలుగువాళ్ళం కలిసి నడుపుకునే ఉత్తుత్తి ప్రభుత్వం అది. ఉత్తుత్తిది అన్నమాటే గాని దానికి సభ ఉంది, స్పీకరు ఉన్నాడు, మంత్రులున్నారు, చట్టాలున్నాయి, అలిగి బయటికెళ్ళిపోయే సభ్యులు కూడా ఉన్నారు. ఏడాదికోసారి ఎన్నికలు. అందరికీ మారుపేర్లే. ఎవరిది ఏ ఊరు, ఎవరు ఏ ఇంటివాళ్ళు అని అడగకూడదన్నది మొదటి నిబంధన. నాకు ఆ దేశం నచ్చిందే అందుకు. మా ఊళ్ళో ఎవరన్నా నన్ను గుర్తుపట్టాలంటే ముందు మా మామగారి పేరు చెప్పి, ఆ తర్వాత మా ఆయన పేరు చెప్పి, చివర్న ‘కోడలు’ అని తగిలిస్తారు. అక్కడ మాత్రం నా నోటిని బట్టే నా విలువ.

కాకపోతే ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. మొదటిసారి నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. పాత ప్రధాని ఏదో ఉద్యోగ పరీక్ష ఉందని మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే, “ఎవరో ఒకరు కూర్చోండి” అన్నాడు స్పీకరు. నేను కూర్చున్నాను. ప్రతిపక్ష నాయకుడు ఆ ఆరు నెలలూ నన్ను ‘ఖాళీ కుర్చీ ప్రధాని’ అని ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు. ఆయనెవరో, ఎక్కడివాడో తెలియదు. గొంతు మాత్రం రేడియో గొంతు. ఎంత రెచ్చగొట్టినా కోపం రాదు. నాకు అదే ఒళ్ళు మంట. అందుకని ఈ ఎన్నికల్లో పోటీకి దిగాను. ఈసారి నన్ను కావాలని ఎన్నుకోవాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

చెప్పుకోవడానికి నాకు ఒక చట్టం ఉంది. అంతకుముందు కొత్తగా చేరినవాళ్ళు నెల రోజులు ఆగితే గాని ఓటు వచ్చేది కాదు. నేను చేరినప్పుడు ఆ నెల రోజులూ పెళ్ళింట్లో విస్తరి వెయ్యకుండా నిలబెట్టినట్టు ఉండేది. ప్రధానినయ్యాక ఆ గడువు తీసేశాను. ఏ రోజు చేరితే ఆ రోజే ఓటు. ప్రతిపక్షం ఎంత మొత్తుకున్నా సభలో నెగ్గించాను.

ఫిబ్రవరి నెలాఖరు. కల్లం నిండా మిరపకాయ ఎండుతోంది. కుప్ప వెనకాల నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ప్రచార ఉపన్యాసం బట్టీ పడుతున్నాను. “ఖాళీ కుర్చీ అన్నవాళ్ళకి నేను ఒక్కటే అడుగుతున్నాను...” అని చెయ్యి ఎత్తేసరికి ఎదురుగా మా మామగారు.

“ఎవరితోనమ్మా ఆ పోట్లాట?”

దొరికిపోయాను. ఉన్నదంతా చెప్పేశాను. పనీపాటా లేదా అంటారనుకున్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, “ఎలక్షనా?” అన్నారు. ముప్పై ఏళ్ళుగా మా ఊళ్ళో ఏ ఎన్నికొచ్చినా గడప గడపకీ తిరిగి ఓట్లు వేయించిన మనిషి ఆయన. వార్డు మెంబరు నుంచి ఎమ్మెల్యే దాకా ఎందరినో గెలిపించారు గాని తను ఒక్కసారీ నిలబడలేదు. “ప్రధానమంత్రి సీటుకి నిలబడి ఇంట్లో మాట మాత్రం చెప్పవేంటి అమ్మాయ్? ఓటర్ల లిస్టు ఏదీ?” అన్నారు.

ఆ రోజే మా ఆయన చేత గుంటూరులో లిస్టు ప్రింటు తీయించారు. మంచం మీద పరుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్నుతో కూర్చున్నారు. మనవాళ్ళకు టిక్కు, అవతలివాళ్ళకు ఇంటూ, గోడ మీద పిల్లులకు సున్నా.

“ఈ ‘నిద్రమత్తు’ అనేవాడిది ఏ ఊరు?”

“తెలియదు మామయ్యా.”

“పోనీ, ఎవరి తాలూకా?”

“అడగకూడదండీ.”

“ఎవరి తాలూకానో తెలియకుండా ఓటెట్టా అడుగుతాడమ్మా మనిషి?” అని పెన్ను మూత పెట్టేశారు. ఆయనకు అది కళ్ళకు గంతలు కట్టి ట్రాక్టరు తోలమన్నట్టుంది.

కానీ ఆ వారం రోజులు ఎంత హుషారుగా గడిచాయో చెప్పలేను. ఎన్నికల్లో ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు. నాది మిరపకాయ, ప్రతిపక్ష నాయకుడిది తాబేలు. మా మామగారు కుప్పలోంచి నిగనిగలాడే కాయ ఏరి, అరచేతిలో పెట్టుకుని ఫొటో తీయించి, “ఇది పెట్టు, కళ్ళు జిగేల్మనాలి” అన్నారు. పెడితే ఒక్క పూటలో వందమంది మెచ్చుకున్నారు. వరసగా ఒక్కొక్కరికీ మెసేజీ పెట్టమన్నది ఆయనే. “చెప్పింది చెప్పినట్టు అందరికీ ఒకటే పంపబాకు. మనిషికో మాట రాయి” అన్నారు. నిద్రమత్తుకు నేను విడిగా రాస్తే, అతను అరగంటలో మావైపు వచ్చేశాడు. మా మామగారు ఆ సున్నాను టిక్కు చేసి తొడ చరిచారు. కూర మాడిపోయింది. ఇద్దరం మాడిన కూరే తిన్నాం.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వాదన సభ. ఇంట్లో సిగ్నలు అందదు గనక కల్లంలోనే కూర్చున్నాను. సభలో మాట్లాడేది అందరికీ వినపడాలని మా మామగారు పాటల స్పీకరు తెచ్చి ఫోనుకు కలిపారు. అక్కడ ఆరుగురు ఆడకూలీలు తాలు ఏరుతున్నారు. తాలు అంటే రంగు వెలిసి తెల్లబడిన కాయలు. అవి మంచికాయలో కలిస్తే మిర్చి యార్డులో ధర పడిపోతుంది. చేతులు కాయల మీద, చెవులు మా దేశం మీద.

ప్రతిపక్ష నాయకుడు మొదలుపెట్టాడు. “ఇవాళ చేరి ఇవాళే ఓటెయ్యొచ్చంటే, రేపు ఎవరో ఒకరు ఊరికి ఊరినే తోలుకొస్తారు.”

“ఊరిని తోలుకురావడానికి ఇదేమన్నా పంచాయతీ ఎన్నికా?” అన్నాను. సభ ఘొల్లుమంది. కల్లంలో మా మామగారు ఈల వేశారు.

ప్రతిపక్ష నాయకుడు ఇంకో మాట తెచ్చాడు. సభకు అర్జీ పెట్టాలంటే టైపు చేసే పెట్టాలన్నది మా నిబంధన. తను గెలిస్తే, రాయడం రానివాళ్ళు గొంతు రికార్డు చేసి పంపినా అర్జీగా తీసుకుంటానన్నాడు. నాకు అది చాదస్తంగా తోచింది. గంటల కొద్దీ రికార్డులు ఎవరు వింటారు? “ఫోను పట్టుకుని మన దేశంలోకి వచ్చినవాళ్ళలో టైపు చేయడం రానివాళ్ళు ఎవరున్నారండీ? ఒక్కరిని చూపించండి” అన్నాను. మళ్ళీ నవ్వులు. సభ అయ్యేసరికి నా చెవులు వేడెక్కి, కాళ్ళు నేల మీద ఆనడం లేదు. గెలుస్తున్నాననిపించింది.

తర్వాతి ఆదివారం పోలింగు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఎవరికి ఎన్ని పడ్డాయో చివరిదాకా కనపడదు. మొత్తం ఎంతమంది వేశారో మాత్రం తెర మీద పెరుగుతూ ఉంటుంది. ఎనిమిదిన్నరకల్లా ఇరవై దాటింది. మా దేశంలో ఆదివారం అంత పొద్దున్నే ఎవరు లేస్తారని ఆశ్చర్యపోయాను గాని, జనం ఉత్సాహం అనుకున్నాను. అన్నం సహించలేదు. గిన్నెలు తోముతూ చూశాను, గేదెకు గడ్డి వేస్తూ చూశాను. అయిదున్నరకు ఎన్నికల అధికారి ఫలితం పెట్టాడు. మిరపకాయ తొంభై ఏడు. తాబేలు ఎనభై మూడు.

అరిచాను. నిజంగానే పెద్దగా అరిచాను. ఖాళీ కుర్చీ కాదు! పద్నాలుగు ఓట్ల మెజారిటీ! మా మామగారు పరుగున వచ్చారు. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆయన కళ్ళూ తడి అయ్యాయి.

“ఎంత మెజారిటీ?”

“పద్నాలుగు మామయ్యా!”

“మరి ఇరవై మూడు పడ్డాయిగా మనవాళ్ళవి, ఇంకాస్త రావాలే” అన్నారు.

ఏ ఇరవై మూడు అని అడిగాను. ఆయన సంబరంగా చెప్పుకొచ్చారు. పొద్దున పాలకేంద్రం దగ్గరికి వచ్చినవాళ్ళందరినీ ఆపి, ఫోన్లు తీయించి, తను చూసుకోవడానికని ముందురోజు నా దగ్గర అడిగి తీసుకున్న యాప్ లింకుతో ఒక్కొక్కరినీ చేర్పించారట. మారుపేర్లు కూడా ఆయనే పెట్టారట. “మిరపకాయ బొమ్మ మీద నొక్కండి, మా కోడలి గుర్తు” అన్నారట. మన కూలీలవి కూడా వేయించానన్నారు.

వేళ్ళ మీద లెక్కేశాను. తొంభై ఏడులోంచి ఆ ఇరవై మూడు తీసేస్తే నేను ఓడిపోయినట్టే. ‘ఊరికి ఊరినే తోలుకొస్తారు’ అన్న రేడియో గొంతు చెవిలో మోగింది.

“ఎంత పని చేశారు మామయ్యా!”

“ఏం చేశాను? చేరిన రోజే ఓటని చట్టం చేసింది నువ్వేగా? దొంగ ఓటు ఒక్కటి వేయించానా? ఒక్కో మనిషికి ఒక్కో ఓటు. గెలిచిన సీటు ఎవడన్నా వదులుకుంటాడంటమ్మా?”

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి లేదు. అందుకే మరీ కోపం వచ్చింది. “వాళ్ళు నాకెయ్యలేదు మామయ్యా, మీకేశారు” అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఎన్నికల అధికారికి రాశాను. ఇవాళ పొద్దున కొత్తగా చేరిన ఇరవై ముగ్గురూ మా ఊరివాళ్ళు, మా ఇంటి పెద్ద మాట మీద వేశారు, ఆ ఓట్లు తీసేయండి అని. నిబంధనల్లో అలాంటిది లేదంటూనే, గెలిచిన అభ్యర్థే అడుగుతున్నారు గనక తీసేస్తానన్నాడు. కొత్త లెక్క వచ్చింది. మిరపకాయ డెబ్భై అయిదు, తాబేలు ఎనభై రెండు. తాబేలుకు కూడా ఒకటి తగ్గిందేమిటా అనుకున్నాను. ఎవరి వేలో జారి ఉంటుందిలే అని వదిలేశాను.

ఓడిపోయాను. కానీ సభంతా నన్ను ఆకాశానికెత్తింది. ప్రతిపక్ష నాయకుడే లేచి, ఇలాంటి మనిషిని ఖాళీ కుర్చీ అన్నందుకు సిగ్గుపడుతున్నానన్నాడు. గెలిచినా అంత గొప్పగా ఉండేది కాదేమో. పొంగిపోయాను. నా అంత నిజాయితీపరురాలు ఆ దేశంలోనే కాదు, ఈ జిల్లాలోనే లేదనుకున్నాను.

మర్నాడు పొద్దున కల్లంలో కుళాయి దగ్గర బిందె పెట్టాను. తాలు ఏరేవాళ్ళలో ఒకామె, నాకంటే పదేళ్ళు పెద్దది, చేతులు కడుక్కోవడానికి వచ్చింది. ఆరుగురిలోనూ మాట తక్కువ మనిషి ఆమే.

“నా ఓటు కొట్టేయించావంటగా అమ్మాయ్?” అంది.

“అందరివీ తీయించానక్కా. మామయ్య చెప్పారని వేశారుగా మీరంతా. అది న్యాయం కాదు.”

“ఆయన చెప్పినట్టు నేనెందుకేస్తా? నేను తాబేలుకేశా.”

బిందె నిండి పొర్లుతోంది. నేను కుళాయి కట్టేయలేదు.

“నువ్వూ ఆ తాబేలాయనా మాట్లాడుకుంది మొత్తం విన్నా. రాయటం రానోళ్ళు నోటితో చెప్పుకోవచ్చన్నాడు ఆయన. టైపు రానోళ్ళు ఎవరున్నారు, ఒక్కళ్ళని చూపించమన్నావు నువ్వు. నీ ఎదురుగానే కూకుని తాలు ఏరుతున్నాగా.” గొంతు పెంచలేదు. “అందరూ నొక్కేదాకా ఆగి, మీ మామగారు అటు తిరిగినప్పుడు తాబేలు నొక్కా. ఎన్నాళ్ళకో నా ఇష్టానికేసుకున్న ఓటు. మీ కల్లంలో పనికొచ్చినంత మాత్రాన నా ఓటు నీదవుద్దా? తీయించటానికి నన్నొక మాట అడగొద్దా?”

సిగ్గేసింది. మా మామగారు ఆ ఓట్లన్నీ తనవే అనుకుని వేయించారు. నేనూ ఆయనవే అనుకుని తీయించాను. ఆ ఓటు వేసిన మనిషిని మా ఇద్దరిలో ఒక్కరూ లెక్కలోకి తీసుకోలేదు.

బిందె అక్కడే వదిలేసి బయల్దేరాను. పాలకేంద్రానికి వెళ్ళాను, కొట్టు దగ్గరికి వెళ్ళాను, ఇళ్ళకు వెళ్ళాను. మిగిలిన ఇరవై ఇద్దరినీ అడిగాను, ఎందుకు వేశారని. “పెద్దాయన చెప్పాడుగా” అన్నారు అందరూ. ఒకడైతే, “ఇంతకీ అది దేనికమ్మా, గ్యాసుకా?” అన్నాడు.

కల్లానికి తిరిగొచ్చి, కాయల పక్కనే కూర్చుని మళ్ళీ రాశాను. తీసేసిన వాటిలో ఒక ఓటు తిరిగి కలపండి, అది సొంతంగా ఆలోచించి వేసిన ఓటు, నన్ను కాదని వేసింది అని. కింద ఇంకో మాట చేర్చాను. టైపు రానివాళ్ళు ఎవరున్నారని సభలో అడిగాను, ఉన్నారు, ఆ ఓటు వేసినామే ఒకరు, నన్ను క్షమించమని ఆమెనే అడగాలి అని. పంపే ముందు రెండుసార్లు చదువుకున్నాను.

మధ్యాహ్నానికి లెక్క మారింది. ఎనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయాను. ఫోను పట్టుకెళ్ళి ఆమెకు చూపించాను. అంకెలు చదవడం వచ్చు ఆమెకు. చెయ్యి చీరకు తుడుచుకుని, ఎనభై మూడు మీద వేలు పెట్టింది.

“ఇందులో నాది ఉందా?”

“ఉందక్కా. క్షమించు.”

మా మామగారు కూర్చున్న మంచం వైపు ఒకసారి చూసి, ఆమె గొంతు తగ్గించింది.

“ఆయనకి మాత్రం చెప్పమాక” అంది.