దీపం మీద డబ్బా

మా అమ్మాయి ఆ డబ్బాని గోడ మీంచి దింపేసిందండీ! గురువారం మధ్యాహ్నం రెండు మరలు విప్పి, అవతలి గోడకి బిగించింది. అంతే. ఈ వయసులో నేను మెట్ల మీద పరుగెత్తాను. పరుగెత్తి ఎవరికి చెప్పాలి? చెప్పాల్సిన మనిషి సోమవారం పొద్దున్నే పోయాడు. గుండె ఆగిందట. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషిని ఇంకో మూడు రోజులు ఉంచలేకపోయిన దేవుడి మీద కూడా నాకు కోపంగానే ఉంది.

ఆయన మా బిల్డింగులో ఏసీ ప్లాంటు మేస్త్రి. నేను అక్కడే అటెండర్ని. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే మన్నించండి. జూబ్లీ హిల్స్ నుంచి ఫిల్మ్ నగర్‌కి దిగే దారిలో నాలుగంతస్తుల భవనం. పైన సినిమా ఆఫీసులు, కింద ప్రివ్యూ థియేటరు. హాల్లో దేవుడి పటాలు, వాటి ముందు ఎప్పుడూ ఆరని దీపం. అందులో నూనె పోయడం నా పని.

హాలు చల్లబడితే ప్లాంటుని ఆపే డబ్బా ఒకటుంటుంది, థర్మోస్టాట్ అంటారు. కట్టినవాళ్ళు దాన్ని ఈశాన్యం గోడకి బిగించారు. తర్వాత వాస్తు చూసినాయన వచ్చి దీపాన్ని సరిగ్గా దాని కిందే పెట్టించాడు. దీపం సెగ తగిలి డబ్బా ఏమనుకుంటుందండీ? హాలంతా మండిపోతోందనుకుంటుంది. ఇంక ప్లాంటు ఆగదు. మండు వేసవిలో టైపిస్టులు స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవారు. వచ్చినవాళ్ళు "ఇక్కడే ఊటీ షూటింగు పెట్టేయొచ్చండీ" అంటే మా మేనేజరు గారు మీసం దువ్వుకునేవారు.

కరెంటు పోతే ఆ చలి కోసం రెండు జనరేటర్లు కలిసి మోగాలి. వాటి పొగ వెనక బస్తీ మీద పడేది. మేస్త్రి ఇల్లు ఆ బస్తీలోనే. ఇంటికెళ్ళి అన్నం తినొచ్చేటప్పుడు దండెం మీద ఆరేసిన చొక్కాని వేలితో తుడిచి, ఆ నల్లటి వేలు నాకు చూపించడం ఆయనకి అలవాటు.

"చూడన్నా, గిది మన ఆఫీసు చలి. చలి ఉట్టిగ రాదు. గాడ సల్లగుండాలంటే గీడ ఏదో ఒకటి కాలాలె."

ఇంకో మాట కూడా అనేవాడు. "మిషన్ నడిపెటోడు మేస్త్రి గాదన్నా, ఆపెటోడు మేస్త్రి."

దీపం మీద అరచెయ్యి పెట్టి చూసి తప్పెక్కడుందో పట్టుకున్నది ఆయనే. మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. నేను పక్కనే ఉన్నాను.

"సార్, డబ్బాను జర అవతలికి జరుపుదాం."

"పాలరాతికి చిల్లులు పెడతావా? ఆ రాయి ఎక్కణ్ణుంచి తెప్పించామో తెలుసా?"

"అయితే దీపాన్నే జరుపుదాం సార్."

"నోర్ముయ్! ఆ దీపం అక్కడ పెట్టాకే మన సినిమా వంద రోజులాడింది."

నాలుగు వేసవులు అడిగాడండీ. అయిదో వేసవిలో ఒక పొద్దున నాతో, "అన్నా, గా పక్క నువ్వు పట్కో" అన్నాడు. దీపం పీటని ఇద్దరం కలిసి రెండు బారల అవతల పెట్టాం. గంటలో ప్లాంటు ఆగింది. గోడ గడియారం చప్పుడు నాకు మొదటిసారి వినిపించింది.

ఆ శుక్రవారం విడుదలైన సినిమా పోయింది. కథలో బలం లేదని టీకొట్టు దగ్గర ప్రతివాడూ అన్నాడు. మా మేనేజరు మాత్రం మా ఇద్దర్నీ పిలిచారు.

"దీపం ఎవరు జరిపారు?"

అప్పుడు మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో చేరి నెలైంది. నేను నేల చూశాను.

"నేనే జరిపిన సార్. అన్నకు తెల్వది."

ఆ రోజే తీసేశారు. దీపాన్ని తిరిగి డబ్బా కింద పెట్టింది ఈ చేతులే.

బస్తీలో ఫ్రిజ్‌ల రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. నన్ను ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. కనిపిస్తే, "ఏందన్నా, మీ దేవునికి ఇంక చలి పెడ్తనే ఉందా?" అని నవ్వేవాడు. మా అమ్మాయికి పని నేర్పింది కూడా ఆయనే. "డిప్లొమా కాయితం మీదుంటది బిడ్డా, చెయ్యి పైపు మీదుండాలె" అనేవాడు. ఇప్పుడదే బిల్డింగులో అది ఇంజనీరు. "మసి కనిపిస్తుంది నాన్నా. అదే పొగలో కనిపించని కార్బన్ పైకి పోయి భూమినే వేడెక్కిస్తుంది. బాబాయ్ చెప్పింది ఆ బస్తీ ఒక్కదాని సంగతి కాదు" అంటుంది.

గురువారం వెళ్ళి అడిగింది, నేను గుమ్మంలోనే ఉన్నాను. అదే మేనేజరు. తలెత్తకుండా ఏమన్నారో తెలుసా?

"చిల్లేగా, పెట్టుకోమ్మా. ఎలాగూ ఆ రాయి మార్పిస్తున్నాం."

అంత తేలికా! ఈ రెండు మరల కోసమా ఒక మనిషి ఉద్యోగం తీశారు? ఇన్నేళ్ళూ ఇంత డీజిలు తగలబెట్టారు? ముందుకి వెళ్ళి చెప్పేశాను.

"ఆ రోజు దీపం పీటకి రెండో పక్క పట్టుకున్నది నేనండీ."

"ఏ రోజు?" అన్నారాయన.

గుర్తే లేదు!

సరే, మాకు గుర్తుంది. దీపం దాని చోటే వెలుగుతోంది, ఎవరి సినిమాకీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే కరెంటు పోయింది. ఒక్క జనరేటరే మోగింది, రెండోది పడుకుంది. ఈ సంతోషం చెప్పాల్సినవాళ్ళున్నారు. ముందు మేస్త్రి భార్య, మా చెల్లెమ్మ. టోలిచౌకిలో ఆయన తమ్ముడు. వెంగళరావు నగర్‌లో ఆయన పెద్ద కూతురు, అల్లుడు. ఉద్యోగం పోగొట్టుకున్నాడని ఆ రోజు ఆయనతో తగవుపడి మళ్ళీ మాట్లాడని బావమరిది. అందరికీ డబ్బా దిగిందని చెప్పాలి, రెండో పక్క పట్టుకున్నదెవరో కూడా చెప్పాలి.

చెల్లెమ్మ దగ్గరికి శుక్రవారం పొద్దున్నే వెళ్ళాను. మొదటి మాట చెప్పాను, రెండో మాటా చెప్పాను. ఆవిడ దండెం వైపు చూపించింది. ముందురోజు ఉతికి ఆరేసిన ఆయన తెల్లచొక్కా ఇంకా దాని మీదే ఉంది. నేను వేలితో తుడిచి, మునుపటంత నల్లబడని ఆ వేలు ఆవిడకి చూపించాను.