మీసం పెట్టిన కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను ‘స్కేలుబద్ద’ అని పిలిచేవాళ్ళు. మంచం మీద దుప్పటి ఒక పక్క జానెడు ఎక్కువ వేలాడితే నాకు నిద్ర పట్టేది కాదు. పుస్తకాలకు అట్టలు వేస్తే మూలలు నలుచదరంగా రావాలి. జడలకు కట్టిన రిబ్బన్లు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే అమ్మ చేత మళ్ళీ విప్పించి కట్టించుకునేదాన్ని. అరవై దగ్గర పడుతున్నా ఆ గుణం పూర్తిగా పోలేదు, కాస్త మెత్తబడిందంతే. మెత్తబరిచిన పుణ్యం మా పక్కింటి పెయింటర్ మామది.

మేమప్పుడు డోన్‌లో ఉండేవాళ్ళం. నాన్న రైల్వే గూడ్సు ఆఫీసులో గుమస్తా. మా ఇంటి ప్రహరీకి అవతల లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుత్తి దెబ్బలు, రంపపు కోతలు, మధ్యాహ్నమైతే రంగుల వాసన. వడ్రంగుల పని, రేకుల పని అయిపోయాక చివర్లో బండికి రంగులు వేసేది పెయింటర్ మామ. ఆయన మాకు చుట్టం కాదు. రంజాన్ పండక్కి వాళ్ళింటి నుంచి సేమ్యా పాయసం వచ్చేది, ఉగాదికి మా ఇంటి నుంచి బొబ్బట్లు వెళ్ళేవి. ఆ లెక్కన మామ అయ్యాడు. మనిషి మితభాషి. కుంచె పట్టుకుంటే మాత్రం గీత దారం పట్టి కొట్టినట్టు వచ్చేది. స్కేలుబద్దనైన నాకు ఆయనంటే భక్తి ఉండడంలో వింత లేదు.

మా పిన్నివాళ్ళది ఆలూరు దగ్గర పల్లె, మెట్ట సేద్యం. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే పిన్ని తన కూతుర్ని మా ఇంటికి పంపేది. నాకన్నా ఏడాది చిన్న. నేను ఒక్కతే కూతుర్ని కాబట్టి ఆ నెలన్నర కోసం ఏడాదంతా కాచుకుని ఉండేదాన్ని. ఇద్దరికీ ఏ విషయంలోనూ పొంతన కుదిరేది కాదు. ఆమె చెప్పులు ఒకటి వాకిట్లో ఉంటే ఒకటి పెరట్లో ఉండేది. అన్నంలో పప్పు, పెరుగు, మామిడికాయ ముక్క అన్నీ ఒకేసారి కలిపేసి తినేది. నేను ఒక్కో వంటకానికి ఒక్కో ముద్ద లెక్కగా తినేదాన్ని. అయినా రోజంతా ఒకరి కొంగు ఒకరు వదిలేవాళ్ళం కాదు.

ఆ వేసవిలో మా చిన్నమామ, అంటే అమ్మకూ పిన్నికీ ఒక్కగానొక్క తమ్ముడు, కువైట్ నుంచి వచ్చాడు. కడపకు వెళ్తూ దారిలో మా ఇంట దిగి, సబ్బులూ టార్చిలైటూ పంచిపెట్టి, మా ఇద్దరికీ చెరో అట్టపెట్టె ఇచ్చాడు. రెండు పెట్టెలూ ఒకటే. పెట్టె మీద ఎర్రటి కారు బొమ్మ. అలాంటి కారు డోన్ రోడ్ల మీద మేమెన్నడూ చూడలేదు. ఎవరో పైనుంచి నెత్తిన ఒక్కటి మొట్టినట్టు పొట్టిగా, గుండ్రంగా ఉంది. చక్రాలు చూస్తే ఒంటికన్నా పెద్దవి. దీపాల స్థానంలో గుడ్లు మిటకరించిన రెండు కళ్ళు, బంపరు బదులు చెవుల దాకా సాగిన నవ్వు. ఇంజను బానెట్టులోంచి పైకి పొడుచుకొచ్చింది. మా అవ్వ పెట్టె అందుకుని చూసి, “ఇదేం కారే, జలుబు చేసిన పిల్లోని మాదిరుండాది” అని నవ్వింది.

పెట్టె తెరిస్తే కారు లేదు! కొమ్మకు కాయలున్నట్టు ప్లాస్టిక్ పుల్లలకు అతుక్కుని ముక్కలున్నాయి. వాటిని విరిచి, అంకెల ప్రకారం బంకతో అతికించుకోవాలట. కాగితం నిండా మాకు తెలియని భాష, మధ్యలో బొమ్మలు. నేను కాగితాన్ని నాలుగుసార్లు చదివాను, అంటే చూశాను. ముక్కలన్నీ అంకెల వరసన చాప మీద పేర్చాను. గోళ్ళు అరగదీసే ఆకురాయి తీసుకుని అంచుల్లో మిగిలిన ప్లాస్టిక్ నూగును అరగదీశాను. ముక్కకు రెండు చుక్కలు చాలవేమోనని నాలుగు చుక్కల బంక పెట్టాను. రెండు రోజులు పట్టింది. మూడో రోజుకు పెట్టె మీద కారు, చాప మీద కారు కవల పిల్లల్లా ఉన్నాయి. నాకు కాళ్ళు నేలన నిలవలేదు.

మా చెల్లెలు తన కాగితాన్ని పడవ చేసి ఆడుకుంది. నవ్వుతున్న బంపరును బోర్లా తిప్పి, రెండు కళ్ళకు కింద అతికించింది. అది కాస్తా మీసమైంది. పెయింటర్ మామ దగ్గరికి పోయి డబ్బాల అడుగున మిగిలిన రంగులు అడిగి తెచ్చుకుంది. ఒళ్ళంతా చిలకాకుపచ్చ, దాని మీద తెల్లచుక్కలు. ఇంజను తీసి వెనక పెట్టింది, ముందు పెడితే ముఖానికి అడ్డమొస్తుందట. కారు మీద అంటించడానికి పెట్టెలో విడిగా ఇచ్చిన బొమ్మల కాగితం నీళ్ళలో నానబెట్టాలని మాకు తెలియదు. నేను ఆ బొమ్మల్ని అన్నం మెతుకులతో బుద్ధిగా అతికించాను, తను వాటిని అసలు ముట్టుకోలేదు. అన్నీ అయ్యాక కాటుక డబ్బీ తెచ్చి కారు బుగ్గ మీద ఇంత దిష్టిచుక్క పెట్టింది. “కొత్త బండి కదక్కా, దిష్టి తగుల్తాది” అంది.

ఆ సాయంత్రం వాకిట్లో చుట్టుపక్కల పిల్లలందరూ చేరారు. అవ్వ ఉంది, అమ్మ ఉంది. చెల్లెలు తన కారును రెండు అరచేతుల్లో పెట్టుకుని అందరికీ చూపించి, చివరికి నా దగ్గరికి వచ్చి నిలబడింది. అందరికన్నా నా మాట కోసమే ఆమె చూస్తోందని నాకు తెలుసు. అయినా నా నోరు ఊరుకుంటుందా?

“బాగల్యా” అన్నాను. “కారు మాదిరే లేదు. అంత మంచి కారు చెడగొట్టినావు.”

పిల్లలు గొల్లుమన్నారు.  చెల్లెలు కారును పెట్టెలో పెట్టి మూత వేసింది. అన్నం దగ్గర పప్పూ పెరుగూ కలపకుండా మెతుకులు కెలికింది. పడుకునే ముందు అమ్మతో, “పెద్దమ్మా, రేపు మద్దేన్నం బస్సుకు మా ఊరికి పోతా. ఆ కారు చిన్నమామకు తిరిగిచ్చేయండి” అంది. సెలవులు ఇంకా ఇరవై రోజులున్నాయి.

 నా తప్పెక్కడుందో నాకు అర్థం కాలేదు. అమ్మ కేకలేస్తే, “నిజం చెప్తే కూడా తప్పేనా?” అని ఎదురు తిరిగాను. మర్నాడు పొద్దున బావి దగ్గర అమ్మ ఈ సంగతంతా పెయింటర్ మామ భార్యతో చెప్పుకుంది. కాసేపటికి ప్రహరీ మీదుగా మామ తల కనిపించింది. “పాపా, ఈ పొద్దు షెడ్డులోనుంచి కొత్త బండి పోతాంది. మీ కార్లు తీసుకోని ఇద్దరూ రాండి” అన్నాడు. ఆయన పిలిస్తే కాదనడం మా చెల్లెలికి కూడా చేతకాదు. నాకు నాలుగడుగులు ఎడంగా నడుస్తూ వచ్చింది.

షెడ్డులో నిలబడిన లారీని చూసి నేను నోరు తెరిచాను. ముఖమంతా ముదురు గులాబీ రంగు. దాని మీద నీలం పట్టీలు. తలుపులకు నెమళ్ళు. వెనక రెండు తామరపూలు, వాటి మధ్యలోంచి ఆకాశానికి లేస్తున్న విమానం. పెయింటర్ మామ చేతి నుంచి ఇటువంటిది వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

“ఎట్లుండాది పాపా?” అన్నాడు.

“బాగల్యా మామా.”

“అట్లనా. ఇప్పుడు ఓనరు వస్తాడు. ఆయనకు కూడా చెప్పు.”

ఓనరు భార్యతో వచ్చాడు. కడప వైపు మనిషి, మొదటి బండి. లారీ ముందు నిలబడి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, మళ్ళీ తిరిగాడు. విమానం దగ్గర ఆగి భార్యను పిలిచి చూపించాడు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఆమె టెంకాయ కొట్టింది, ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. ఆయన సంతోషం పట్టలేక, ఎవరితో చెప్పుకోవాలో తెలియక, ఎదురుగా ఉన్న నన్ను అడిగాడు.

“ఏం పాపా, ఎట్లుండాది మన బండి?”

మామ వైపు చూశాను. ఆయన కిరసనాయిలులో కుంచెలు కడుక్కుంటున్నాడు, మా మాటలు వినబడనట్టు.  ఆ ‘బాగల్యా’ నాలిక చివర దాకా వచ్చి అక్కడే కూర్చుంది. దిక్కులు చూస్తుంటే నెమలి కనబడింది. ఒక్కో ఈకకూ ఒక్కో గీత, ఎక్కడా వణుకు లేదు.

“నెమిలి శానా బాగుండాదప్పా” అన్నాను. అది నిజమే.

“నెమిలి మా ఇంటామె కోరింది. ఇమానం నాది” అని ఆయన పకపకా నవ్వాడు. చెరో టెంకాయ ముక్క మా చేతుల్లో పెట్టి, హారను మోగించుకుంటూ వెళ్ళిపోయాడు.

దుమ్ము అణిగాక మామ ఒక డబ్బా మీద కూర్చున్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్క రోజే.

“ఆ గులాబి రంగు నాకూ నచ్చల్యా పాపా. మూడు దినాలు పండ్లు కొరుక్కుంటా కొట్టినా. అయితే బాగల్యా అని నువ్వెట్లంటావు? రంగు ఉబ్బిందా? గీత వంకర పోయిందా? యాడన్నా పోయుంటే చూపించు, ఇప్పుడే బండెనక ఉరికి తుడిచి మళ్ళా ఏస్తా. బాగల్యా అంటే పనిలో తప్పుండాదని. నచ్చల్యా అంటే నా కంటికి ఎక్కల్యా అని. ఆ రెండూ ఒగటి కాదు. నచ్చల్యా అంటే మనిషి నవ్వి ఊరుకుంటాడు. తప్పు లేనిచోట బాగల్యా అంటే, చేసిన చెయ్యి మళ్ళా కుంచె పట్టదు.”

నేను చెల్లెలి చేతుల వైపు చూశాను. గోళ్ళ సందుల్లో చిలకాకుపచ్చ రంగు ఇంకా పోలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఏడవనిస్తే కదా ఆయన! “యాడ మీ బండ్లు? తీయండి” అని ఒక చెక్కను ఇటుకల మీద ఏటవాలుగా పెట్టాడు. ముందు నా కారును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. “అబ్బా, పెట్టె మీద బొమ్మ దిగొచ్చినట్టుండాది. నాకు శానా నచ్చింది” అన్నాడు. నేను పొంగిపోయాను. దాన్ని చెక్క మీద పెట్టి వదిలాడు. కదల్లేదు. వేలితో తోశాడు. నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి, మొండికేసిన దూడలా ఈడ్చుకుంటూ కొంచెం జారి ఆగిపోయింది. నా నాలుగేసి చుక్కల బంక ఇరుసుల్లోకి దిగి చక్రాల్ని పట్టేసింది. రెండు రోజులు దాన్ని చాప మీద పెట్టుకుని మురిసిపోయానే గానీ ఒక్కసారి నెట్టి చూడలేదు.

మీసాల కారు చెక్క మీద పెట్టగానే సర్రున దిగి, షెడ్డు నేలంతా దాటి, అవతల రంగు డబ్బాకు టంగున కొట్టుకుంది. మీసం ఊడలేదు.

మామ తీర్పు చెప్పాడు. “ఈ మీసమూ చుక్కలూ నాకు నచ్చల్యా పాపా. పని మాత్రం బాగుండాది.” తర్వాత నా వైపు తిరిగాడు. “నీది నాకు నచ్చింది. పని బాగల్యా.”

నాకు తల కొట్టేసినట్టయింది. మా చెల్లెలు మాత్రం అలగలేదు. “నచ్చకపోతే పోనీలే మామా, నాకు నచ్చింది గదా” అంది, పరిగెత్తి తన కారు తెచ్చుకుంది. ముందు రోజు నా మాటకు ముడుచుకుపోయిన పిల్ల, ఈరోజు అంత పెద్ద పెయింటరు నచ్చలేదన్నా చెక్కు చెదరకుండా నిలబడింది. ఆ తేడా నా పదేళ్ళ బుర్రకు అప్పుడు ఎక్కింది.

నేను దగ్గరికి వెళ్ళాను. క్షమాపణ ఎలా అడగాలో తెలియదు, అంతకు ముందు ఎవరినీ అడగలేదు. తల వంచుకుని, “నీ కారు నాకు నచ్చల్యా. అది బాగల్యా అనడం నా తప్పు” అన్నాను.

ఆమె కళ్ళు చిట్లించి నన్ను ఎగాదిగా చూసింది. “అక్కా, నీ కారు నాకూ నచ్చల్యా” అంది. తర్వాత ఒక్కో అక్షరం చప్పరిస్తూ, “పైగా బాగల్యా కూడా” అంది.

ముందు మామ నవ్వాడు. ఆయన నవ్వు చూసి చెల్లెలు, చెల్లెల్ని చూసి నేను. షెడ్డులో వడ్రంగి పని ఆపి మరీ మా వైపు చూశాడు. మధ్యాహ్నం బస్సు దాని దారిన అది వెళ్ళిపోయింది. మేమిద్దరం మా పెరట్లో కూర్చుని సూది కాల్చి నా కారు ఇరుసుల్లో బంక కరిగించే పనిలో ఉన్నాం. మూడు చక్రాలు తిరిగాయి. నాలుగోది ఎప్పటికీ తిరగలేదు.

తర్వాత ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. లెక్క తప్పితే ఎర్ర సిరాతో సున్నా చుట్టడానికి నేనెన్నడూ వెనకాడలేదు. కానీ పిల్లలెవరైనా ఊదారంగు చెట్టు గీసి తెచ్చినప్పుడు, నోటి దాకా వచ్చిన మాటను ఒక్క క్షణం పట్టుకుని, ఇది ఆ రెండింటిలో ఏ మాట అని నన్ను నేను అడుక్కునేదాన్ని. ఇంట్లో కోడలు గోడలకు వేయించిన రంగు దగ్గరా అదే చేశాను. ఒక్కోసారి నోరు జారుతుంది, లేదనను. జారిన రోజు దిద్దుకునేదాకా నాకు అన్నం సయించదు.

మా చెల్లెలికీ నాకూ ఈనాటికీ పొంతన లేదు. దాని చీరల ఎంపిక, దాని వంట, అది ఇల్లు సర్దే తీరు, ఏదీ నా కంటికి ఎక్కదు. నా పద్ధతులంటే దానికి నవ్వు. ఫోన్ ఎత్తితే చాలు, నాకు నచ్చల్యా అంటే నాకు నచ్చల్యా అని ఒకరి మీద ఒకరం పడతాం. యాభై ఏళ్ళుగా ఇదే వరస. ఆ వేసవి తర్వాత ఒక్కసారి కూడా మా ఇద్దరిలో ఎవరూ అలిగి ముందుగానే బస్సెక్కి వెళ్ళిపోలేదు.