కదలని బల్ల కోసం

ఇంట్లోనే కూర్చుని వాచీలు బాగుచేసే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ వాచీ బాబాయి అంటారు. ఆ లెక్కన ఆయన భార్య అందరికీ పిన్ని. ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యమనేసరికి వాళ్ళకి రెండు ఇళ్ళు దొరికాయి. ఒకటి స్టేషన్ వెనక వీధిలో. పిన్ని ఆయాగా పనిచేసే బడి అక్కడికి నాలుగడుగులు. రెండోది కొత్త కాలనీలో, మేడ మీద. అక్కణ్ణుంచి బడికి రెండు బస్సులు మారాలి.

బాబాయి ఇల్లు చూసే పద్ధతే వేరు. నీళ్ళొస్తాయా, గాలొస్తుందా అని అడగడు. చిన్న పళ్ళెంలో ఆవగింజంత స్క్రూలు పోసి, కిటికీ దగ్గర పెట్టి, కంటికి అద్దం తగిలించుకుని వంగి చూస్తాడు. స్క్రూ కదిలిందా, ఆ ఇల్లు పనికిరాదంతే. స్టేషన్ వీధిలో రైలు వెళ్ళగానే స్క్రూలన్నీ చిందులేశాయి. ఆదివారం కొత్త కాలనీలో గంటసేపు చూశాడు. ఒక్కటీ మెదల్లేదు.

"నా మోకాళ్ళ నొప్పుల సంగతి నేను చూసుకుంటాలెండి. మీ చెయ్యి నిలవాలి కదా, ఇదే తీసుకుందాం," అంది పిన్ని.

రెండేళ్ళ అగ్రిమెంటు మీద సంతకం పెట్టి దిగారు. సోమవారం తొమ్మిదింటికి కింద షట్టరు లేచింది. లోపల అట్టపెట్టెలు కోసే మిషను! పళ్ళెంలోని స్క్రూలు ఎగిరి నేలపాలయ్యాయి. ఆదివారం మిషన్లకీ సెలవేనన్న ముక్క ఈ పెద్దమనిషికి తట్టనే లేదు. పరుగెత్తుకెళ్ళి చూస్తే స్టేషన్ వీధి ఇంట్లో అప్పటికే ఎవరో దిగిపోయారు.

రెండు బస్సులు మారి పిన్ని ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది. అప్పటికి మిషను ఆగిపోతుంది.

"పని బాగా సాగిందా?" అని అడుగుతుంది, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటూ.

"బ్రహ్మాండంగా," అంటాడు బాబాయి. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? పగలంతా ఆ గదిలో చేతులు ముడుచుకు కూర్చునేవాడు.

ఒకరోజు బడి మధ్యాహ్నమే వదిలేశారు. పిన్ని వచ్చేసరికి కింద మిషను హోరెత్తిపోతోంది. బాబాయి బల్ల మీద ఖాళీ పళ్ళెం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సిగ్గుతో తలెత్తలేదు.

పిన్ని సంచీ కింద పెట్టి, నొప్పెడుతున్న మోకాళ్ళతోనే నేల మీద చతికిలబడి, బల్ల ముందుకాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుంది.

"ఊఁ, కానివ్వండి. నేను పట్టుకుంటాను."

బల్ల ఆగలేదు. ఆమె చేతులూ దాంతోపాటే వణికాయి. బాబాయి అద్దం తగిలించుకుని, ఖాళీ పళ్ళెంలో లేని స్క్రూ మీదికి వంగాడు.