ఆమె కప్పులో బెల్లం

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లు చెప్పకుండా ఎలా ఉన్నానని ఆశ్చర్యం కూడా లేదు, దాచడం అలవాటైపోయింది. నా భార్య పోయాక ఆ బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఇంకా దగ్గరికి జరిగి కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఇద్దరికీ షుగర్ ఒకేసారి బయటపడింది. నిజామాబాద్‌లో డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి తీపి మానేయమన్నాడు. ఇంటికి రాగానే ఆమె చక్కెర డబ్బా పక్కింట్లో ఇచ్చేసింది. మొదట్లో సాయంత్రమైతే ఆమెకూ నిలకడ ఉండేది కాదు. సోంపు నమిలేది, నీళ్లు తాగేది, వాకిట్లో అటూ ఇటూ తిరిగేది. కొన్ని వారాలకు ఆ ఆరాటం తగ్గింది. నాది తగ్గలేదు. బోధన్ దారిలో బెల్లం బట్టీ దగ్గర ఆగి, ముద్ద కొని, స్కూటర్ డిక్కీలో దాచుకునేవాణ్ణి. ఫ్యాక్టరీ చక్కెరే చెడ్డది, బట్టీ బెల్లం ఏమీ చేయదు అని మా వైపు అందరూ అనేదే నాకు నేను చెప్పుకున్నాను. చదువుకున్నవాణ్ణి. నమ్మానా? నమ్మలేదు.

సాయంత్రం చాయ్ పెట్టడం నా పని. ఒకరోజు పొయ్యి ఆపాక, పాలు విరగకుండా చూసుకుని, గిన్నెలోనే కొంచెం బెల్లం వేశాను. నా కప్పులో వేసుకుంటే సరిపోయేది. ఎందుకు వేసుకోలేదు? చాలాకాలం బద్ధకమనుకున్నాను. కాదు. ఆమె గెలుస్తుంటే నేనొక్కణ్ణే ఓడిపోవడం నాకు ఇష్టం లేదు.

"చక్కెర బంద్ జేస్తె పాలు గూడ తియ్యగైతయంటరు. నిజమే!" అని ఆమె సంబరపడింది. ఆ సంబరం చూసి కూడా మర్నాడు మళ్లీ వేశాను. వేస్తూనే ఉన్నాను.

బతుకమ్మ పండుగ తర్వాత చేయించిన పరీక్షలో ఆమె షుగర్ బాగా పెరిగింది. ఇంటికొచ్చాక అడిగింది.

"నిజం చెప్పుండ్రి. చాయ్ల ఏమన్న ఏస్తున్నరా?"

"షుగర్‌తోని అనుమానం రోగం గూడ అంటుకున్నదా నీకు? బతుకమ్మ కాడ మలీద తిన్నవ్ గదా."

"చిటికెడు ప్రసాదం! చేతుల పెడితె వద్దంటనా?"

"చిటికెడో, దోసెడో. నీకే తెల్వాలె."

మలీద అంటే రొట్టె నలిపి బెల్లం కలిపే ప్రసాదం. మరుసటి ఏడు ఆడవాళ్లు అది పంచుకుంటుంటే ఆమె చేతులు కొంగులో దాచుకుని వెనక నిలబడిందట. అన్నం సగానికి తగ్గించింది. నీరసపడింది. తప్పు తన ఒంటిలోనో తన నోటిలోనో వెతుక్కుంది. అప్పుడైనా ఆపానా? నాలుగు రోజులు ఆపాను. చాయ్ చప్పబడిందేమని అడుగుతుందేమోనన్న భయంతో మళ్లీ మొదలుపెట్టాను.

ఆమె గుండె ఆగి పోయింది. నా వల్లేనా? డాక్టర్ని అడగలేదు. అడిగే ధైర్యం లేదు. కర్మ రోజున వాళ్ల అక్క అందరి ముందూ, "మా చెల్లెకు నోరు కట్టుకునుడు రాలే" అని ఏడ్చింది. నేను తల వంచుకుని విన్నాను.

ఆమె నోరు కట్టుకుంది. నేను కట్టుకోలేదు. ఈ రెండు మాటలూ ఆ రోజే వాళ్ల అక్కకు చెప్పవలసింది. ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. కానీ రాశాను. ఇప్పుడు ఇవి నా లోపల మాత్రమే లేవు.