కారేది ఆడ, బొక్క యాడో

నా చిన్నప్పుడు మా యింట్లో కారుండేదంటే, అవ్వ గొప్పలు పోతోందని మనవరాళ్ళు నవ్వుతారు. గొప్పా పాడా! కుప్పంలో ఉద్యోగం చాలించుకుని ఇంగ్లండు సీమకు పోతూ ఒక దొర చవగ్గా వదిలించుకున్న ముసలి బండి అది. పుంగనూరు పక్కన మా పల్లెలో అది కదిలిన రోజులకన్నా, దాని వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టిన రోజులే ఎక్కువ.

అమ్మకు నొప్పులు మొదలై ఒక రాత్రంతా గడిచిపోయింది. తెల్లవారాక మంత్రసాని బయటికొచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఇక తన చేతిలో ఏమీ లేదనీ, మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ చెప్పింది. ఎద్దులబండిలో ఆ గతుకుల దారిన పోతే మనిషి దక్కదని కూడా ఆమే అంది. నాయన కారు దగ్గరికి పరుగెత్తాడు. హ్యాండిల్ వేసి తిప్పితే ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. చూస్తే కార్బురేటర్ కింద నుంచి పెట్రోలు ధార కట్టి కారుతోంది. యుద్ధం రోజులవి, పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవాళ్ళు. ట్యాంకులో ఉన్నది మదనపల్లె చేరడానికి సరిపోతే సరిపోయినట్టు, లేకుంటే లేదు.

నాయన తేనెమైనం నలిపి కారేచోట అద్దాడు. పెట్రోలుకు అది కరిగిపోయింది. గుడ్డపేలిక బిగించి కట్టాడు, గుడ్డంతా తడిసింది. అమ్మ అరిచినప్పుడల్లా కారును నోటికొచ్చినట్టు తిట్టాడు. అడ్డమొచ్చానని నన్ను వీపు మీద ఒక్కటి చరిచాడు. అంతవరకూ నాయన నా మీద చెయ్యెత్తి ఎరగడు. ఇంతలో అమ్మ అరుపులు ఆగిపోయాయి. అరుస్తున్నంతసేపూ బతికే ఉందన్న ధైర్యమైనా ఉండేది, ఇప్పుడు అదీ పోయింది.

అప్పుడు లోపలినుంచి మా అవ్వ, నాయనను కన్నతల్లి, బయటికొచ్చింది. "ప్రాణం ఉండాది. ఇప్పుడే నీళ్ళు తాగింది" అని ముందా మాట చెప్పింది. తర్వాత నాయన వీపు మీద చెయ్యి వేసింది.

"బయపడినావా అప్పా?"

అంతే. అంత మొగోడు మట్టిలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "అవునుమా. సచ్చిపోతాదేమోనని బయంగా ఉండాది."

అవ్వ కాసేపు ఏడవనిచ్చింది. ఆ తర్వాత ఆమె మామూలు గొంతు వచ్చేసింది. "సరే, లెయ్. కారేది ఆడ. బొక్క యాడుందో సూసినావా? నువ్వు తడినే పట్టుకోని కూర్చోనుండావు."

నాయన ముక్కు తుడుచుకుని, పెట్రోలు కొళాయి కట్టేసి, కార్బురేటర్ విప్పాడు. లోపల చిన్న ఇత్తడి బుడ్డి ఉంటుంది. పెట్రోలు నిండేకొద్దీ అది తేలి, పైకొచ్చి పెట్రోలొచ్చే దారి మూస్తుంది. దాన్ని చెవి దగ్గర ఆడించాడు. లోపల గలగలమంది. బుడ్డిలోకే పెట్రోలు పోయింది, ఇక అదెక్కడ తేలుతుంది, దారెక్కడ మూస్తుంది! కానీ ఎంత తిప్పి చూసినా బొక్క కంటికి ఆనలేదు.

కాన్పు కోసం పొద్దుటినుంచీ కాగుతున్న నీళ్ళను అవ్వ తపేలాలో పట్టుకొచ్చి, పొయ్యికి దూరంగా వాకిట్లో పెట్టి, బుడ్డిని అందులో ముంచమంది. అతుకు దగ్గర ఒకచోట సన్నగా బుడగలు లేచాయి. బుడగలు ఆగేదాకా ముంచి పట్టుకున్నారు. లోపలి పెట్రోలంతా ఆ వేడికి బయటికొచ్చేసింది. మా యింట్లో కొడవళ్ళకు పిడి బిగించే లక్క ఎప్పుడూ ఉండేది. కడ్డీ కొసన దాన్ని కరిగించి తెచ్చి బొక్క మీద అంటించాడు నాయన. దేవుడి దయ, లక్క పెట్రోలుకు లొంగలేదు. మళ్ళీ బిగించి హ్యాండిల్ తిప్పితే ఇంజన్ అందుకుంది. కింద చుక్క కారలేదు.

అమ్మ తల అవ్వ ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. చల్లగా ఉన్న ఆ పాదాలను రుద్దుతూనే ఉన్నాను. కారు మదనపల్లెలో ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగాకే పెట్రోలైపోయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. బడిలో రాయించిన పేరేదైనా, ఇంట్లో మా తమ్ముడు చివరిదాకా లక్కప్పే.

ఆ తర్వాత నా బతుకులో ఎవరు నా మీద మండిపడినా, ముందు అవ్వ మాటే గుర్తొస్తుంది. లక్కప్ప కూడా ముసలివాడయ్యాక ఆసుపత్రి మంచమెక్కాడు. గంజిలో ఉప్పు లేదనీ, ఫ్యాను తిరగడంలేదనీ రోజంతా అందరినీ తిట్టిపోశాడు. పిల్లలు ఉప్పు వేశారు, ఫ్యాను పెంచారు. తిట్లు ఆగలేదు. నేను పోయి మంచం అంచున కూర్చుని వాడి వీపు మీద చెయ్యి వేశాను.

"బయపడినావా లక్కప్పా?"

వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అవునుక్కా" అన్నాడు.