నీలం డ్రమ్ము మీద ఆంజనేయస్వామి

రాజమండ్రి ఎండాకాలపు మధ్యాహ్నాలు నాకు సగం నిద్రలో చూసినట్టే గుర్తుంటాయి. తారు రోడ్డు నీళ్ళలా మెరుస్తుంది. ఆటోలు దాని మీద పడవల్లా తేలుతూ వస్తాయి. ఆ పడవలన్నీ ఆగే రేవు మా అత్తగారి చలివేంద్రం. ఇంటి ముందు తాటాకు పందిరి, అందులో దాహమన్న ప్రతివాళ్ళకీ అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. ఆ వాసనకి గోదావరి రెండు మెట్లెక్కి మా వీధిలోకి తొంగిచూసేదని ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

ఆ ఏడు జనం పెరిగారని ఆవిడ పాత సామాన్ల కొట్లో ఓ నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కొన్నారు. ఏనుగు మునిగి స్నానం చేసేంత డ్రమ్ము. ఆదివారం నేను వెళ్ళేసరికి దాన్ని మూడుసార్లు కుంకుడురసంతో కడిగి, పసుపు రాసి పందిట్లో నిలబెట్టారు. పక్కన గంగాళాల్లో మజ్జిగ. ఇక ఒంపడమే తరువాయి.

"చూశారా అల్లుడు గారూ, డ్రమ్ముతో పాటు స్వామి కూడా వచ్చాడు" అన్నారు మురిసిపోతూ.

డ్రమ్ముకి సగం చిరిగిన లేబులు. ఎర్ర అంచుల మధ్య నల్లటి మనిషి, గుండె మీద నక్షత్రంలా పగిలిన తెలుపు. గుండె చీల్చి చూపిస్తున్న ఆంజనేయుడే అనుకుని నుదుట కుంకుమ కూడా పెట్టేశారు.

నా మత్తంతా దిగిపోయింది. రసాయనాల గోడౌన్లో ఆ బొమ్మలు చూసి పీపాలు సర్దడమే నా ఉద్యోగం. మా ఆవిడ మొహం కన్నా వాటినే ఎక్కువ చూసి ఉంటాను.

"ఒంపకండి అత్తయ్య గారూ! ఆయన స్వామి కాదండి."

"మరెవరండి?"

"మనమేనండి."

పీపాలో సరుకు మనిషిని ఏం చేస్తుందో దాన్ని బట్టి బొమ్మ వేస్తారని చెప్పాను. దురదలూ కళ్ళమంటా అయితే ఆశ్చర్యార్థకం. తగిలినచోట చర్మాన్ని కాల్చేదైతే కరుగుతున్న చెయ్యి. కొంచెం లోపలికెళ్ళినా ప్రాణం తీసేదైతే పుర్రె. ఈ నక్షత్రం మనిషి మాత్రం తొందరపడడు. ఊపిరితిత్తులనో, కాలేయాన్నో, కడుపులో బిడ్డనో దెబ్బతీస్తాడు, కాన్సరూ తెస్తాడు; అది ఏళ్ళ తరవాత కూడా బయటపడవచ్చు.

"మూడుసార్లు కడిగానండి. వాసన కూడా లేదు."

"ప్లాస్టిక్ పీల్చుకున్నది కడిగితే పోదండి."

"రుచి తెలిసిపోతుందిగా?"

"తెలియకపోవచ్చండి."

ఈలోగా వరసలో ముందున్న ఆటో అతను గ్లాసు ఊపాడు. "ఏంటండీ, ముందు స్వామికి నైవేద్యమా? మా ప్రాణాలు పోయాక మాకు పోస్తారా?"

అతని వెనక, రోజూ రెండు గ్లాసులు తాగి వెళ్ళే కూలి అమ్మాయి, నిండు కడుపు మీద చెయ్యేసుకుని నిలబడింది. అత్తగారు ఆమెనీ, బొమ్మనీ మార్చి మార్చి చూశారు.

"గంగాళంలోంచే పొయ్యండి. ముందు ఈ పిల్లకి" అన్నారు.

నేను గునపంతో డ్రమ్ము అడుగున చిల్లులు పొడిచాను, ఇంకెవరూ వాడకుండా. పది చాలు. కోపంలో వెయ్యి పొడిచి ఉంటాను. వెనక్కి తిరిగేసరికి అత్తగారు గొడుగుతో వీధిలో ఉన్నారు.

"ఆ కొట్లో ఇలాంటివి ఇంకా పదకొండున్నాయండి. పెళ్ళిళ్ళ వంటవాళ్ళకి అమ్ముతున్నాడు. ఆ కాగితం ఊడదీసి ఇవ్వండి, వాడి మొహాన పెడతాను."

పాలిథిన్ కవర్లో పెట్టి ఇచ్చాను. ఆవిడ ఎక్కగానే ఆటో కదిలింది. మెరిసే రోడ్డు మీద అది తేలుతూ, ఊగుతూ, చిన్నదైపోతూ వెళ్ళింది. అత్తగారి ఒళ్ళో నక్షత్రం మనిషి, నుదుటి కుంకుమతో సహా.